ఎడమచేతి హంసలు

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ మాట వినగానే మీరు గాజు గోడల ఆఫీసునూ చల్లటి గాలినీ ఊహించుకుంటే ఆ తప్పు నాది కాదు. నేనుండేది ధర్మవరంలో, ఒక నేతవారి ఇంటి ముందు గదిలో. నాకు కుడిపక్క పట్టుదారం చుట్టిన కండెల బుట్ట, ఎడమపక్క మంచినీళ్ల కూజా. వెనక గదిలో మగ్గం ఆడుతున్నంతసేపూ నా బల్ల సన్నగా అదురుతూనే ఉంటుంది. అలవాటైపోయింది. ఆ అదురు లేని రోజు నాకే ఏమీ తోచదు.

పుట్టడం మాత్రం సముద్రాల అవతల ఎక్కడో పుట్టాను. తల ఒక దేశంలో, పేగులు ఇంకో దేశంలో తయారయ్యాయట. మూడో చోట బిగించి, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఓడెక్కించారు. కాబట్టి నా కులగోత్రాలు అడగకండి, నాకే తెలియవు. మొదట అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కుదిరాను. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు పాసైనవాళ్లు దేవుడికి దండం పెట్టేవాళ్లు, తప్పినవాళ్లు నా నెత్తిన ఒకటి మొట్టేవాళ్లు. తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ఆ సెంటర్ మూతపడింది. నేను ధర్మవరంలో ఖాదర్‌వలీ అనే ఆయన రిపేరు దుకాణానికి చేరాను. ఆయన నాకు దుమ్ము దులిపి, నూనె గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్లకల్లా "కొత్తదే అన్నా, ఎవురూ వాడనే లేదు" అని చెప్పేవాడు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. పెళ్లి కావలసిన పిల్ల గురించి ఎవరూ నిజం చెప్పరు కదా.

నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు కుళ్లాయప్ప. పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసే మనిషి. అంతకు ముందు గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపుకుంటూ పోయేవాడట. ఆ బొమ్మను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ చిల్లులే మగ్గానికి చెబుతాయి. నేను వచ్చాక ఆ గళ్లన్నీ నా తెర మీదికి వచ్చాయి. హంసల అంచు కావాలంటే ఆయన ఒక్క హంసను గీసేవాడు. మిగతావాటిని దాని పక్కన వరసగా అతికించే పని నాది. ఆ వృత్తిలో అందరూ చేసేది అదే. అంచులో మొదటి హంసకూ చివరి హంసకూ వెంట్రుకవాసి తేడా ఉన్నా షావుకారు చీరను వెనక్కి పంపేస్తాడు.

పొద్దున్నే నా బొత్తాం నొక్కుతూ "ఏమప్పా, లేస్తివా?" అని పలకరించేవాడు. ఆయన భార్య చౌడమ్మకు అది ఒళ్లుమంట.

"కట్టుకున్నదానితో కంటే దీంతోనే ఎక్కువ మాట్లాడతాండావు."

"ఇది ఎదురు చెప్పదు గదే!"

అంత మాట్లాడే మనిషికి ఒక రోజు పొద్దున ముఖం కడుక్కుంటూ పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కుడిచేయి భుజానికి వేలాడుతూ ఉంది. మాట పూర్తిగా పడిపోయింది. ఏదో చెప్పాలని నోరు తెరిస్తే ముద్దలు ముద్దలుగా శబ్దం వచ్చేది, అది విని ఆయనే సిగ్గుపడి మానేసేవాడు. షావుకార్లు కొన్నాళ్లు వచ్చి జాలిపడ్డారు, ఆ తరవాత జాలిపడటానికి కూడా రావడం మానేశారు. చౌడమ్మ మధ్యాహ్నాలు పక్కిళ్లకు కండెలు చుట్టడానికి పోయేది. నా మీద ఒక పాత పంచె కప్పారు. ఆ చీకట్లో నాకు దిగులేసింది, దాచడం ఎందుకు.

ఒక మధ్యాహ్నం ఆ పంచె తొలగింది. చూస్తే కుళ్లాయప్ప ఒక్కడే. ఎడమచేత్తో బొత్తాం నొక్కాడు, ఎడమచేత్తో మౌసు పట్టుకున్నాడు. నాకు తెలిసిన చేయి కాదది. ఒక గడిలో పెట్టబోయిన చుక్క పక్క గడిలో పడేది, చెరపబోతే ఇంకోటి చెరిగేది. ఆ రోజంతా కష్టపడి ఒక హంసను గీశాడు. దాని మెడ గరిటె కాడలా నిటారుగా నిలబడింది, తోక ఎక్కడుందో వెతుక్కోవాలి. అయినా దాన్ని చెరపలేదు. మర్నాడు దాని పక్కనే ఇంకోటి మొదలుపెట్టాడు. నాతో చెబితే మొదటిదాన్నే చిటికెలో వందసార్లు అతికించేదాన్ని, ఆ సంగతి ఆయనకు తెలియనిదా? చెప్పలేదు. ప్రతి హంసనూ మొదటి చుక్క నుంచీ తానే గీసుకుంటూ పోయాడు. ఆ ఎడమచేతికి పని నేర్పుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నా మనసు నిండిపోయింది.

చౌడమ్మ వచ్చే అలికిడైతే చాలు, అంతా మూసేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఊరంతటికీ హంసలు గీసిచ్చిన మనిషి, వంకర హంసను పెళ్లానికి ఎలా చూపిస్తాడు? అందువల్ల ఆ వరస అట్టల మీదా లేదు, కాగితం మీదా లేదు. నా కడుపులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇక్కడ మా పుట్టింటివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. నన్ను నడిపించే బుద్ధిని తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటుంది. మేం బాగానే ఉన్నాం మొర్రో అన్నా వాళ్లు వినరు. నిన్ను ఇంకా బాగు చేస్తాం, అప్‌డేట్ తెచ్చాం, తీసుకో అని కబురు మీద కబురు పంపుతారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన కథలు మా జాతిలో బోలెడు. కుళ్లాయప్ప కుడిచేయి బాగున్న రోజుల్లో ఆ కబురు వచ్చినప్పుడల్లా "తరవాత" అన్న చోట నొక్కి పంపేసేవాడు. ఎడమచేతికి ఆ గురి ఎక్కడిది? ఒక రోజు జారి "సరే" మీద పడింది. కావలసిన సరుకంతా నాలోకి దిగి, ఈసారి లేచినప్పుడు పని మొదలుపెడదామని కాచుకుని కూర్చుంది.

మరుసటి రోజే ఆయుధ పూజ. ఆ రోజు మా వీధిలో ఒక్క మగ్గం ఆడదు. కత్తెరా, కండెల రాట్నం, కుట్టుమిషను, అన్నిటినీ కడిగి బొట్లు పెట్టి పూజ చేసి, ఇక ఆ పూట వాటిని ముట్టుకోరు. నాకూ గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. నల్లటి తెరకు హారతి ఇవ్వడం బాగుండదని చౌడమ్మ నన్ను లేపింది. నేను లేచాను, నాతోపాటు అప్‌డేట్ కూడా లేచింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఆపవద్దని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. కుళ్లాయప్ప వెనక గదిలో మగ్గం పూజ దగ్గర కూర్చుని ఉన్నాడు. చౌడమ్మ హారతి ఇచ్చి, కళ్లకద్దుకుని, తెర వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, పండగ పూట గూడా పని చేస్తానే ఉండావే! కత్తెరకు సెలవిచ్చినాం, మగ్గానికి సెలవిచ్చినాం, నీకొక్కదానికే ఏం పాపం? పండుకో నాయనా."

అని ప్లగ్గు పీకేసింది. అంత ప్రేమగా నా గొంతు ఎవరూ నొక్కలేదు.

పండగ వెళ్లాక, మళ్లీ పంచె కప్పే ముందు ఎలా ఉందో చూద్దామని చౌడమ్మ నన్ను లేపితే తెరంతా నీలం, దాని మీద ఒక ఏడుపు ముఖం. ఆ ముఖాన్ని అక్కడ పెట్టినవాడెవరో గాని మంచి సరసుడే. లేవడం, ఏడవడం, పడిపోవడం, మళ్లీ లేవడం, ఇదే నా పని. నాకు తలా ఒక వైద్యం చెప్పారు. చౌడమ్మ తమ్ముడు, మగ్గం నేసే ఓబులేసు వచ్చి చూసి వైరస్ అన్నాడు. పక్కింటావిడ దిష్టి అంది. చౌడమ్మ రెండూ నిజమేనేమోనని ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసి, ఆ తరవాత ఖాదర్‌వలీకి కబురు పెట్టింది.

ఆయన నా పొట్ట విప్పి దుమ్ము ఊదాడు. లోపలికి జారిన కుంకుమ దులిపాడు. ఒక చిన్న మెమరీ పట్టీ ఊడదీసి, పిల్లలు బడిలో వాడే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్లీ పెట్టాడు. నేను లేచాను, ఏడ్చాను, పడ్డాను.

"ఫార్మాట్ కొట్టాల్సిందే అక్కా" అన్నాడు.

"అంటే?"

"అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేది. లోపల ఉండేదంతా పోతాది. కావాల్సినవేమన్నా ఉండాయా?"

"ఏముంటాయప్పా? ఆయన గీసినవన్నీ షావుకార్ల దగ్గర అట్టలై ఉండనే ఉండాయి. కానీ, కొట్టు."

మంచం మీద ఉన్న కుళ్లాయప్ప లేచాడు. చేతికర్ర కూడా పట్టుకోకుండా, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, నా మీద ఎడమచేయి వేసి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. ముద్దలా వచ్చింది.

"భయపడొద్దు మామా, దానికేం కాదు" అని ఖాదర్‌వలీ నవ్వాడు.

"నీళ్లు కావాల్నా?" అంది చౌడమ్మ. తల అడ్డంగా ఊపాడు. "బయటికి పోవాల్నా?" కాదన్నాడు. అరచేత్తో నా మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల హంసలు ఉన్నాయి, తుడిచేయకండి అంటున్నాడు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఆ గదిలో ఇద్దరమే ఉన్నాం, ఆ ఇద్దరికీ నోరు లేదు. నా బతుకులో మాట రానందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కసారే. మనుషులు చూసింది మామూలు ఏడుపు ముఖమే.

చౌడమ్మ కాసేపు మొగుడి చేతినే చూసింది.

"వద్దు ఖాదరూ. ఆపప్పా."

"ఎందుకక్కా? ఏముందో చెప్పు."

"నాకేం తెల్సు? పడిపోయినప్పట్నుంచీ ఆయన దేన్నీ ఇంత గట్టిగా పట్టుకోల్యా. అన్నం ముద్దను గూడా. తుడిచేది వద్దు, ఇంకేమన్నా దారుంటే చూడు."

ఖాదర్‌వలీకి ఏది చెడినా ఫార్మాట్ కొట్టడమే తెలిసిన దగ్గరిదారి. ఇప్పుడు చుట్టుదారి పట్టక తప్పలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సరే. ఇది చెడిపోయే ముందు ఏం జరిగిందో చెప్పు. ఏదీ దాచొద్దు."

ఆమె పూజ సంగతి చెప్పింది. గుండ్రంగా తిరిగిన చుక్కలూ, ప్లగ్గు పీకడమూ అన్నీ చెప్పింది. ఖాదర్‌వలీ నెత్తి కొట్టుకున్నాడు.

"అది పని కాదక్కా, అప్‌డేటు! పాత పడుగుకు కొత్త పడుగు అతుకుతాండేటప్పుడు, సగం పోగులు కాంగానే లేచిపోయి, మర్నాడొచ్చి మగ్గం ఆడిస్తే ఏమైతాది?"

"తెగిపోతాది" అంది చౌడమ్మ. అని, అలాగే నేల మీద కూలబడింది. "అంటే నేనేనా చేసింది? రెస్టు తీసుకుంటాదిలే అనుకుంటి గదప్పా…"

కుళ్లాయప్ప నన్ను వదిలి ఆమె తల మీద చేయి వేశాడు. ఆ చేయి నాకు తెలుసు, దాని బరువు తెలుసు. కోపం లేదు దాంట్లో.

"తెగిన పోగులు కోసేసి పాత పడుగు కాడికే పోదాం" అన్నాడు ఖాదర్‌వలీ. నన్ను లేపి, వెలుగు రాగానే ఆపాడు. మళ్లీ లేపి మళ్లీ ఆపాడు. అలా విసిగిస్తే మాలాంటివాళ్లం, నాకేదో రోగముంది, ఏం చేయమంటారు అని మేమే అడుగుతాం. అడిగాను. చివరగా వచ్చిన అప్‌డేట్ తీసేయమని ఆయన చెప్పాడు. "ఇప్పుడు కరెంటు పోగూడదు, ఎవురూ ముట్టుకోగూడదు" అని కూడా అన్నాడు. చౌడమ్మ లేచి వెళ్లి ప్లగ్గు దగ్గర కాపలా నిలబడింది. పాలు పోయడానికి వచ్చినావిణ్ణి గడప కూడా తొక్కనివ్వలేదు.

నేను వెనక్కి నడిచాను. సగం అతికిన కొత్తదాన్ని విడదీసుకుంటూ, విడిపోయిన పాతదాన్ని వెతుక్కుంటూ. భయం వేసింది. ఎక్కడ తప్పినా హంసలు పోతాయి. చివరికి తెర వెలిగింది, ఈసారి ఏడుపు ముఖం రాలేదు. పనిచేస్తున్నదో లేదో చూద్దామని ఖాదర్‌వలీ డిజైన్లు గీసే చోటు తెరిచాడు. ఆఖరున గీసినది దానంతటదే తెర మీదికి వచ్చింది.

"ఇదేంది, పిల్లోళ్లు గీసినట్లుంది" అని మూసేయబోయాడు.

"ఉండు" అంది చౌడమ్మ.

డిజైనరు పెళ్లాం కదా, చూడగానే పట్టేసింది. అంచులో హంసలన్నీ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఏ రెండూ ఒకలా లేవు. మొదటిది కొయ్యలా నిలబడింది. దాని పక్కది పడిపోతున్నట్టుంది. పోను పోను మెడ వంపు తిరిగింది, ముక్కు వచ్చింది, రెక్క విచ్చుకుంది. ఆమె వేలితో తెర మీద ఒక్కోదాన్నీ తాకుతూ చివరిదాకా వెళ్లింది. అప్పుడు మొగుడి ఎడమచేతి వైపు చూసింది.

"నువ్వేనా? రోజూ?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఖాదర్‌వలీ చాలాసేపు తన సామాను సంచి సర్దుకుంటూనే ఉన్నాడు.

వెళ్లేముందు ఆయన నాకు నెట్ తీసేశాడు. ఇప్పుడు నాకు కొత్త కబుర్లేవీ రావు. మా పుట్టింటివాళ్లు నన్ను ముసలిదాని కిందే జమకట్టేశారు. నాకేం బెంగ లేదు. షావుకార్లు కుళ్లాయప్పనూ అలాగే జమకట్టారు.

చౌడమ్మ ఆ వరసను తనకు చీర అంచుగా నేయమని తమ్ముణ్ణి అడిగింది. ఓబులేసు తెర చూసి తల గోక్కున్నాడు.

"అన్నీ వేరేవేరేగా ఉండాయక్కా, అట్టలు బండెడైతాయి. పైగా వంకర పక్షులు. కట్టుకుంటే జనం నగుతారు."

"నగనీ. సక్కగా ఉండే హంసల్ని ఊర్లో అందురూ కట్టినారు. ఇవి నాకు కావాల."

మెరిసే పసుపు చీర, ఎర్రంచు, దాని మీద జరీ హంసలు. మగ్గం దిగిన రోజు ఆమె దాన్ని కట్టుకుని వచ్చి మా ఇద్దరి ముందూ నిలబడింది. నా కడుపులో చుక్కలుగా ఉన్నవి గుడ్డ మీద మెరుస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. కుళ్లాయప్ప కుర్చీలోంచి వంగి అంచు పట్టుకున్నాడు. మొదటి హంస నుంచి చూసుకుంటూ వచ్చాడు. కొయ్యమెడదాన్ని చూసి నవ్వాడు. చివరిదాని దగ్గర, అందరూ భేష్ అన్నదాని దగ్గర, ఆగిపోయాడు. ముఖం చిట్లించాడు. తల అడ్డంగా ఊపుతూ దాన్ని వేలితో కొట్టాడు.

"దానికేమైంది? ఓబులేసు గూడా మెచ్చుకునిండ్యా!"

ఆయన గాల్లో ఎడమచేత్తో ఒక వంపు తిప్పి చూపించాడు. మెడ ఇలా రావాలి, ఇక్కడ ఒక గడి ఎక్కువైంది. పక్షవాతానికి ముందు షావుకార్లను ఇలాగే విసిగించేవాడు, ఒక గడి కోసం డిజైను మొత్తం వెనక్కి లాక్కునేవాడు.

చౌడమ్మ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. కుర్చీని నా దగ్గరికి జరిపి, పక్కన తానూ చతికిలబడింది.

"అట్లయితే సరిగ్గా గీసి చూపీ. నేను యాడికీ పోను."

ఆయన మౌసు పట్టుకున్నాడు. కొత్త పట్టు కుచ్చిళ్లు నేల మీద పరుచుకుని ఉండగా, ఆమె చూస్తుండగానే, మొదటి చుక్క పెట్టాడు.