భోజనాల బల్ల దగ్గరి తెర

నేను ఒక తెరను. నాటకాల తెరను కాదు, ఆసుపత్రి తెరను. మూడు ఇనుప చట్రాలు, వాటికి బిగించిన ఆకుపచ్చ గుడ్డ, కింద చక్రాలు. నన్ను అతికిన వెల్డరు తన కుర్రాళ్లతో, "ఆడోల మానం కాసే సరుకురా, గట్టిగా అతకండి" అన్నాడు. ఆ మాట నమ్మి ఈ ఊరి పెద్దాసుపత్రి పురుళ్ల గదికి వచ్చాను. ఎంత వెర్రిదాన్ని!

వచ్చిన రోజే హెడ్ నర్సు రత్నవేణి నన్ను మూలకు తోయించి, తమ భోజనాల బల్లకు అడ్డం పెట్టించింది. తినేటప్పుడు ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందట! ఎదురుగా ఇనుప బల్లల మీద ఆడవాళ్లు నడుం కింద నూలుపోగు లేకుండా పడి ఉంటారు. వచ్చేవాడు వస్తాడు, పోయేవాడు పోతాడు. ఈవిడగారి పప్పన్నానికి మాత్రం పరదా కావాలి. ఆ టిఫిన్ డబ్బా మూత తీసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోయేది.

అలా కొన్నేళ్లు గడిచాక అప్పలకొండ వచ్చిన రోజు సంగతి చెబుతాను. జీడిపిక్కల బట్టీలో పనిచేసే పిల్ల, తొలి కాన్పు. వేళ్లన్నీ జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. తోడు వచ్చిన మేనత్తను గుమ్మం బయటే ఆపేశారు. నొప్పులు ముదిరిన సమయానికి ఫ్యాను బాగుచేసేవాడొకడు వచ్చి, సరిగ్గా ఆమె బల్లకు ఎదురుగా నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

"అమ్మా, మగోడున్నాడు. ఆ గుడ్డ కాసింత అడ్డం ఎట్టండమ్మా," అని అప్పలకొండ నావైపు చెయ్యి చాపింది.

"మొగుడి దగ్గర లేని సిగ్గు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందే? నోర్మూసుకుని ముక్కు," అంది రత్నవేణి, మజ్జిగన్నం కలుపుతూనే.

ఆ పిల్ల మోకాళ్లు రెండూ దగ్గరకు చేర్చేసుకుంది. అతను దిగేదాకా తియ్యనంది. రత్నవేణి చెయ్యి కడుక్కుని వచ్చి తొడ మీద ఛెళ్లున కొట్టింది. మళ్లీ కొట్టింది. అయిదు వేళ్లూ తేలాయి. నాకు చక్రాలున్నాయి గానీ, ఎవరూ తోయందే కదలలేను. నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది.

బిడ్డ పుట్టింది. ఇంకా తుడవనైనా లేదు, జిల్లా నుంచి పెద్ద డాక్టరుగారు తనిఖీకి వచ్చారంటూ ఆయా పరిగెత్తుకొచ్చింది. చూడాలి అప్పటి హడావుడి! రత్నవేణి స్వయంగా నన్ను గరగరా ఈడ్చుకొచ్చి అప్పలకొండ ముందు నిలబెట్టింది. తొడ మీది వాతలు ఆయన కంట పడకూడదు కదా.

ఆయన నన్ను చూసి, "శభాష్. పేషెంట్లను మర్యాదగా చూసుకుంటున్నారు," అన్నాడు. నా గుడ్డకు నిప్పంటుకుంటే బాగుండుననిపించింది.

అంతలో వెనక నుంచి నల్లని వేళ్లు నా చట్రాన్ని పట్టుకున్నాయి. ఒక్క తోపు తోశాయి. నేను వెళ్లి దభీమని ఆయన కాళ్ల ముందు పడ్డాను. చక్రం విరిగింది.

అప్పలకొండ ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో తన తొడ చూపించింది. "సూడండి బాబూ. ఈవిడ కొట్టిన దెబ్బలివి. నానడిగినప్పుడు దీన్ని అడ్డం ఎట్టనేదు. ఇప్పుడు నాకొద్దు."

పెద్ద డాక్టరుగారు ఆ వాతల వంక చూశాడు, రత్నవేణి వంక చూశాడు. బయటున్న మేనత్త తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు నేను ఆసుపత్రి వెనక తుప్పు మంచాల కుప్పలో ఉన్నాను. నా బదులు కొత్త తెర వచ్చిందట. దాన్ని ఎక్కడ నిలబెట్టారో తెలియదు, వాళ్లను నేను నమ్మను. పడిపోయినందుకు మాత్రం బాధ లేదు. అన్నేళ్లు నిలబడి నేను కాపాడింది ఒక టిఫిన్ డబ్బాను. ఆడదానికి అక్కరకొచ్చింది పడ్డ రోజునే.