మూడో గ్లాసు

ఆ నెల ఇల్లు ఆరు వేల సరుకులతో గడిచిపోయిందని చెప్పినప్పుడు మొగుడు మెచ్చుకుంటాడనే అనుకుంది పుణ్యవతి.

జగ్గారావు మెచ్చుకోలేదు. ఒడిశాలో రాయగడ రైల్వే క్వార్టర్లలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని, సెల్‌ఫోను పక్కన పెట్టి, ఆవిడ వంక తేరిపార చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ పదకొండేలు ఏటి సేసేవు?"

"ఏటి సేస్తానండీ? సరుకులే కదా. నూనె, పప్పులు, పాలు..."

"ఆరులో సరిపోయిందని నువ్వే అంటన్నావు. మరి మిగతా ఐదూ ఎవులికి పెట్టేవు? నెలకైదు. పెళ్ళై పదహారేళ్ళు. లెక్కెట్టుకో."

చాలలేదంటే దుబారా మనిషి. చాలిందంటే ఇన్నాళ్ళూ దొంగ. ఈ రెండిటికీ మధ్య నిలబడడానికి చోటు లేదని ఆ పూటే ఆవిడకి తెలిసిపోయింది.

జగ్గారావుకి అప్పుల్లేవు. సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్, ఇరవయ్యేళ్ళ సర్వీసు, ఒకటో తారీకున జీతం. తాగడు, పేకాడడు. వేసవిలో ఒకరోజు ఫోనులో ఏదో వీడియో చూశాడు. ముగ్గురున్న సంసారాన్ని నెలకి నాలుగు వేలతో నడుపుతున్న ఒకావిడ నవ్వుతూ డబ్బాలు చూపిస్తోంది. మర్నాడు డ్యూటీలో ఆ సంగతి చెప్తే తోటివాడు మహేశ్వరరావు నమ్మలేదు. "మా ఇంట్లో నేను సేసి సూపిస్తాన్రా" అన్నాడు జగ్గారావు. అదొక పందెంలా మొదలై ఆయనకి పరువు సమస్యగా మారింది. జూన్‌లో ఆరు వేలు. జులైలో ఐదు. ఆగస్టులో నాలుగున్నర.

ముందు పాలు అర లీటరుకి దిగాయి. తర్వాత కందిపప్పు పోయి ఉలవలు వచ్చాయి. పొద్దుటి టిఫిను పోయి రాగిపిండితో చోడి అంబలి వచ్చింది. జగ్గారావు మాత్రం డ్యూటీకి వెళ్ళగానే క్యాంటీన్‌లో ఇడ్లీ తినేవాడు, మధ్యాహ్నం అక్కడే భోంచేసేవాడు. ఆ ఖర్చు ఇంటి సరుకుల్లోకి రాదు కదా. కూతురు బిందుశ్రీ తొమ్మిదో తరగతి. ఆ పిల్ల బాక్సులో రెండు రొట్టెలు పెట్టుకుని బడికి పోయేది. ఇక మధ్యాహ్నం ఇంట్లో మిగిలేది పుణ్యవతి ఒక్కతే.

"నీ ఒక్కదాని గురించి గ్యాస్ ఎలిగించాలేటి?" అన్నాడు జగ్గారావు. ఆ మాటతో మధ్యాహ్నం పొయ్యి ఆరిపోయింది.

బియ్యం, నూనె, పంచదార ఇనప బీరువాలోకి ఎక్కాయి. తాళంచెవి బిందుశ్రీకి ఇచ్చాడు. "నువ్వే మన స్టోర్ కీపరువమ్మీ. మిగిలిన డబ్బుల్తో సంక్రాంతి లోపల నీకు ఫోన్ కొంటాను" అన్నాడు. అంతవరకూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడిన మనిషి కాదు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. సాయంత్రమయ్యేసరికి బీరువా తెరిచి, టీ గ్లాసుతో మూడు గ్లాసుల బియ్యం కొలిచి తల్లి చేటలో పోసేది. మనిషికొక గ్లాసు. గ్లాసు మీద గోపురం కట్టకుండా వేలితో సమంగా గీసేది.

"ఇంకో గుప్పెడు పొయ్యే అమ్మీ" అని ఒకసారి అడిగింది పుణ్యవతి.

"నాన్నకి సెప్పమంటావా?" అంది పిల్ల. బెదిరింపుగా కూడా అనలేదు. అమ్మ ఒప్పుకుంటే చెప్తానన్నట్టుగా అంది.

కూరగాయలకి రైలు దారిలో ఉన్న కకిరిగుమ్మ సంత. సంతరోజున డ్యూటీ దిగి జగ్గారావు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పాసింజరెక్కేవాడు. రైల్వే మనిషే గనక టిక్కెట్టడిగేవాడు లేడు. సంత నిండుగా ఉన్నప్పుడు కొనడు. చివర దాకా ఆగుతాడు. కొండ మీంచి చిక్కుడుకాయలు తెచ్చిన ఆడవాళ్ళు పొద్దువాలాక ఊళ్ళకి పోవాలి. టెంపో హారన్ కొడుతుంది. సరుకు మళ్ళీ నెత్తినెట్టుకుని పోలేరు. అప్పుడు వెళ్ళి వాళ్ళ ముందు గొంతుక్కూర్చుంటాడు.

ఒకసారి అలాగే ఒక ముసలామె కుప్ప ఇరవై అంది. జగ్గారావు రెండు కుప్పలకి పదిచ్చాడు. ఆమె "నాయ్ బాబూ, నాయ్" అంటూ చేతులడ్డం పెట్టింది. ఈయన లేవలేదు. టెంపో రెండోసారి హారన్ కొట్టింది. ఆమె తోటివాళ్ళు ఎక్కేసి పిలుస్తున్నారు. ఆఖరికి ఆమె రెండు కుప్పలూ పుణ్యవతి సంచిలోకి తోసేసి, పది నోటు లాక్కుని పరిగెత్తింది. పుణ్యవతికి జాలి వేసిన మాట నిజమే. కానీ సంచి బరువు చేతికి తగిలేసరికి, ఈ వారం గట్టెక్కిందన్న సంతోషం దాన్ని మింగేసింది. రైల్లో కూర్చున్నాక అది తలుచుకుని తన మీద తనకే రోత పుట్టింది.

సెప్టెంబరులో, పట్టాలకి అవతల పెద్ద క్వార్టర్లలో ఉండే సెక్షన్ ఇంజనీరు భార్య రీనా ఆవిడకి దారిలో కలిసింది. ఒడియా పిల్ల. వచ్చీరాని తెలుగు మాట్లాడుతుంది. ఇడ్లీ పిండి పులవడం లేదు, వచ్చి చూపించమంది. పుణ్యవతి వెళ్ళి, మినప్పప్పు రుబ్బి చూపించింది. అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. రీనా కంచంలో అన్నం, పప్పు, వేయించిన చేప ముక్క పెట్టి "తినండి భాభీ" అంది.

పుణ్యవతి వద్దనాలనుకుంది. చెయ్యి అప్పటికే కంచంలో ఉంది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్ళింది. పిండి ఎలా వచ్చిందో కనుక్కోడానికి వచ్చానంది. ఆ మర్నాడు కూర తరిగింది. వారం తిరిగేసరికి అంట్లు తోమడం కూడా ఆవిడ వంతే అయింది. రీనా జీతం మాటెత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. పదకొండింటికి వెళ్ళడం, వంటా అంట్లూ చేయడం, కడుపునిండా తినడం, మూడింటికి ఇంటికి రావడం. ఇద్దరాడవాళ్ళూ దానికి స్నేహమని పేరు పెట్టుకున్నారు.

ఒకరోజు రెండు చేప ముక్కలు ఆకులో చుట్టి కొంగులో దాచుకుంది, కూతురి కోసం. పట్టాలు దాటే వంతెన మెట్లెక్కుతుంటే భయం పట్టుకుంది. ఎక్కడివని పిల్ల అడుగుతుంది. వాళ్ళ నాన్నకి చెప్తుంది. రేపట్నుంచి ఈ దారి మూసుకుపోతుంది. వంతెన మధ్యలో నిలబడి రెండు ముక్కలూ తనే తినేసింది. ముళ్ళు పట్టాల మీదకి విసిరేసింది.

నవంబరులో రీనా కొడుకు పుట్టినరోజు వచ్చింది. సెక్షన్ స్టాఫునంతా భోజనానికి పిలిచారు. జగ్గారావూ ఆ సెక్షన్ మనిషే. "నేను వంటగదిలోంచి రానమ్మా, నన్ను బయటికి పిలవకు" అని రీనా చెయ్యి పట్టుకు మరీ అడిగింది. రీనా సరేనంది.

ముందు గదిలో పన్నెండు మంది కూర్చున్నారు. జగ్గారావు చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని "మా శ్రీకాకుళం వంటలాగుంది మేడమ్" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి రీనా పొంగిపోయింది. ఇచ్చిన మాట మరిచిపోయింది.

"భాభీ! పులుసు ఇంకా తీస్కురండీ!"

పుణ్యవతి కదల్లేదు. రీనా రెండోసారి పిలిచింది. ఇక తప్పక గిన్నె పట్టుకుని, తల దించుకుని గదిలోకి వచ్చింది.

"ఏటి సెల్లెమ్మా, నువ్వీడున్నావేటి?" అన్నాడు మహేశ్వరరావు.

అందరూ జగ్గారావు వంక చూశారు. ఆయన ఒక్క క్షణమే తడబడ్డాడు. తర్వాత నవ్వేశాడు.

"నానే పంపినాన్రా సాయానికి. మేడమ్ ఒక్కరూ ఏటి సేసుకుంతారని."

ఆవిడ వడ్డించింది. మొగుడి కంచంలో కూడా వడ్డించింది. పులుసు ఆయన చొక్కా మీద ఒలికితే, ఆయన మళ్ళీ నవ్వాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ దెబ్బలకి సిద్ధపడి కూర్చుంది. కొట్టినా బాగుండునని కూడా అనుకుంది. ఇంజనీరు ఇంట్లో పెళ్ళాం అంట్లు తోముతోందంటే ఏ మగాడికైనా సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతోనైనా మధ్యాహ్నం పొయ్యి మళ్ళీ వెలుగుతుందని లోపల్లోపల ఆశ.

జగ్గారావు చొక్కా విప్పి తగిలించి, నింపాదిగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"రెండు నెల్లు."

"ఏటి పెడతారు?"

"అన్నం, పప్పు... ఒకోనాడు సేపలు."

"కడుపునిండా?"

ఆవిడ తలూపింది. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు.

"అమ్మీ, రాత్రిపూట ఎన్ని గ్లాసులు పోస్తన్నావు?"

"మూడు."

"మీ అమ్మ మజ్జానం ఆడ కడుపునిండా తింటంది. రేత్రికి ఏటికది? రేపట్నించి రెండే పొయ్యి." పెళ్ళాం వైపు తిరిగాడు. "రెండు నెల్లు ఆడా తిన్నావు, ఈడా తిన్నావు. ఒక్క ముక్క సెప్పలేదు. రేపు బాక్సు పట్టుకెళ్ళు. అంత సాకిరీ సేయించుకుని ఆళ్ళు నీ ఒక్కదానికేనా పెట్టేది? కూరైనా అడిగి తే."

పుణ్యవతి ఆయన మొహంలోకి చూసింది. అక్కడ సిగ్గు లేదు, కోపమూ లేదు. పోయిన వస్తువు దొరికినప్పటి తృప్తి మాత్రం ఉంది.

మర్నాడు బాక్సు పట్టుకుని వెళ్తే రీనా గుమ్మంలోనే ఆపేసింది. స్టాఫు భార్య చేత జీతం లేకుండా పని చేయిస్తున్నారని ఎవరైనా పైకి రాస్తే ఏమవుతుందని తన మొగుడు రాత్రంతా తిట్టాడట. "ఇంక రావద్దు భాభీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తలుపేసుకుంది.

ఆ రాత్రి రెండు గ్లాసుల అన్నమే ముగ్గురికీ వండింది పుణ్యవతి. మొగుడూ కూతురూ తిన్నాక గిన్నెలో మిగిలింది అడుగంటిన మాడు.

"ఏటి తప్పు సేసేవు, మానిపించేరు?" అన్నాడు జగ్గారావు. తర్వాత ఆయనే దారి ఆలోచించాడు. మహేశ్వరరావు పెళ్ళాం కల్యాణి పురిటికి పుట్టింటికి వెళ్ళింది, వాడు వంటమనిషి కోసం చూస్తున్నాడు. నెలకి నాలుగు వేలిస్తానన్నాడు. అంటే ఇంటి సరుకులకి జీతంలోంచి పైసా తీయక్కర్లేదు. వీడియోలో ఆవిడ కూడా అంత తగ్గించలేదు.

పుణ్యవతి వెళ్ళింది. నెల తిరిగాక జీతం తన చేతికివ్వమని మహేశ్వరరావుని అడిగింది. ఆయన ఇబ్బందిగా మొహం తిప్పుకున్నాడు.

"బావ ముందే మూడు నెల్లది పట్టుకెళ్ళిపోయేడు కదమ్మా. నీకు తెలీదేటి?"

ఆ సాయంత్రమే ఆవిడ గుణుపూర్ బస్సెక్కింది. అక్కడ అన్న గౌరీశంకర్ వ్యవసాయం చేసుకుంటున్నాడు. కూతుర్ని రమ్మంటే రాలేదు. "పరీక్షలున్నాయి" అంది. నాలుగు రోజులు అన్న ఇంట్లో తిని పడుకుంది. ఐదోరోజు రాయగడ నుంచి తెలిసినావిడ ఫోను చేసింది. బిందుశ్రీ బడి మానేసి మహేశ్వరరావు ఇంట్లో వంట చేస్తోందట, తీసుకున్న డబ్బు తీరే దాకా.

తొలి బస్సుకే తిరిగి వచ్చింది పుణ్యవతి. నేరుగా ఆ ఇంటికే వెళ్ళింది. పిల్ల పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ముంజేతి మీద నూనె చింది బొబ్బలెక్కి ఉన్నాయి.

"గరిటె ఇలాగియ్యి. బడికెళ్ళు."

పిల్ల ఇవ్వలేదు.

"రెండు నెల్లు నువ్వాడ సేపలు తిన్నావు. నాకు రొట్టెలెట్టి పంపినావు. ఒక్కరోజు ఒక్క ముక్క తేలేదు."

పుణ్యవతికి వంతెన గుర్తొచ్చింది. గరిటె లాక్కుంది.

సాయంత్రం జగ్గారావుతో నిలబడి మాట్లాడింది. "మిగతా రెండు నెల్లూ నేను సేస్తాను. తర్వాతది నా సేతికి రావాల. అమ్మి ఆ ఇంట్లో అడుగెట్టిందంటే మీ ఆఫీసు గేటుకాడ నిలబడి అన్నీ సెప్తాను. క్యాంటీన్ ఇడ్లీతో సహా."

పందెం గుట్టు బయటపడుతుందని ఆయన ఆ చివరి మాటకే జంకాడు. ఒప్పుకున్నాడు. కానీ మర్నాడు బజారునుంచి ఒంటి బర్నర్ పొయ్యి ఒకటి కొనితెచ్చి ముందు గదిలో పెట్టాడు. "అయితే ఎవులి వంట ఆళ్ళదే. నా సరుకులు నావి" అన్నాడు.

మహేశ్వరరావు ఇంట్లోనే తింటూ ఆ రెండు నెలలూ, పైన ఇంకో నెలా గడిపాక పుణ్యవతి చేతికి మొదటిసారి నాలుగు వేలు వచ్చాయి. సన్నబియ్యం, కందిపప్పు, మంచి నూనె కొంది. ఆ సాయంత్రం అన్నం వార్చి, పప్పుకి తాలింపు పెట్టి, రెండు కంచాలు వాల్చింది. ముందు గదిలో జగ్గారావు క్యాంటీన్ నుంచి తెచ్చిన పరోటాల పొట్లం విప్పుతున్నాడు. బిందుశ్రీ గుమ్మంలో కాసేపు నిలబడి అటూ ఇటూ చూసింది. తర్వాత ఒక ఖాళీ కంచం తీసుకుని వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

పుణ్యవతి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. ముద్ద కలుపుకుని, కడుపునిండా తింది.