మూడో గుటక ఎవరిది

నేను ఒక వలను. కంగారుపడకండి, మిమ్మల్ని పట్టడానికి రాలేదు, కంగారంతా నాదే. రెండు కళ్ళున్న మీరే లోకాన్ని చూసి ఇంత దిగులు పడుతుంటే, ఒంటినిండా కళ్ళున్న నా సంగతి ఆలోచించండి. మావాళ్ళు వల రంధ్రాన్ని కన్ను అనే అంటారు. దేవేంద్రుడికి వెయ్యి కళ్ళట. నా పక్కన నిలబడితే ఆయనకి చూపు మందమనే చెప్పాలి. ఇన్ని కళ్ళిచ్చినవాడు ఒక్క నోరివ్వలేదు. అందుకే ఇలా రాతకు దిగాను. నా వల్ల అయింది చెబుతాను, నా వలలో అయిందీ చెబుతాను. మధ్యలో ఏడుపొస్తే, వలవలా ఏడ్చే హక్కు లోకంలో నాకు తప్ప ఎవరికుంది?

పుట్టడం ఒక నైలాను మిల్లులో, ఆకుపచ్చగా పుట్టాను. అక్కడ నేను వట్టి అల్లిక చుట్టని. శ్రీకాకుళం తీరంలో ఒక పల్లెకి వచ్చి గున్నమ్మ చేతిలో పడ్డాకే వలనయ్యాను. ఆమె ఇసుకలో కాళ్ళు చాపుకుని నా ముక్కలన్నీ కలిపి కుట్టింది. పై అంచుకు తేలడానికి బెండ్లు, కింది అంచుకు ఇత్తడి రింగులు, ఆ రింగుల గుండా ఒక తాడు. చేపల గుంపు చుట్టూ నన్ను గుండ్రంగా దించి ఆ తాడు లాగితే, అడుగున నా మూతి వక్కల సంచిలా బిగుసుకుంటుంది. అంచున బెండ్లు, లోపల బెంగ. ఒకటి తేలుస్తుంది, ఒకటి ముంచుతుంది. గున్నమ్మకి మూడు ముళ్ళు వేయడం దండాసికి ఒక్క పూట పని. గున్నమ్మ నాకు ముళ్ళు వేయడానికి వానాకాలమంతా పట్టింది. ఆ ఇంట్లో ఏ బంధం గట్టిదో నేను చెప్పను.

పడవ దండాసిది. ముందు కూర్చుని నీళ్ళ రంగు చూసి దారి చెప్పేవాడు కామయ్య, దండాసికి మేనమామ, పైగా పిల్లనిచ్చిన మామ. మేం వెతికేది కవళ్ళని, అంటే జానెడు కూడా లేని వెండి చేపల్ని. వాటిని మాకంటే ముందు కనిపెట్టేది ఇంకొకటి ఉంది. పుస్తకాల్లో దాని పేరు తిమింగలం. నన్నడిగితే తినింగలం అనాలి. మావాళ్ళు మాత్రం సముద్రం మీద పేరు పెట్టి పిలవరు. ఆడదైనా సరే, పెద్దాయన అంటారు.

ఆ భోజనం చూసి తీరాలి. ముందు కవళ్ళ గుంపు చుట్టూ ఒక చుట్టు తిరిగి వాటిని ముద్దగా దగ్గరికి చేరుస్తుంది. అది అచ్చంగా నా పనే. తర్వాత అడుగు నుంచి పక్కకి ఒరిగి లేస్తూ నోరు తెరుస్తుంది. గొంతు కింది మడతలు చీర కుచ్చిళ్ళలా విచ్చుకుంటాయి. గదెడు నీళ్ళూ, నీళ్ళతో చేపలూ లోపలికి. పళ్ళుండవు. పై దవడ నుంచి కొబ్బరిపీచు లాంటి కుచ్చు వేలాడుతూ ఉంటుంది. నాలుకతో నీళ్ళని నెట్టేస్తే అవి ఆ పీచులోంచి బయటికి పోతాయి, కవళ్ళన్నీ ఒక్క కబళమై గొంతులోకి పోతాయి. అంటే దాని నోట్లో ఉన్నదీ వలే. ఆ సంగతి తెలిసిన రోజున దానితో నాకు చుట్టరికం కలిసింది. చుట్టరికంతో పాటు భయమూ మొదలైంది. ఒకే గుంపు చుట్టూ రెండు వలలు తిరగడం ఎవరికి మంచిది?

ఇలాంటివి కొద్దే మిగిలాయని, కాపాడుకోవాలని ఆఫీసువాళ్ళు ఒడ్డున పెద్ద బోర్డు పాతారు. గాలికి అది పక్కకి ఒరిగింది. ఇప్పుడు దాని మీద నెత్తళ్ళ చేపలు చక్కగా ఎండుతున్నాయి.

బోర్డు చదవకపోయినా మా పడవకి ఒక పద్ధతుంది. ముందు పెద్దాయన వంతు. కామయ్య వేళ్ళు మడుస్తూ గుటకలు లెక్కపెడతాడు. మూడు మింగాక పెద్దాయన లోతుకి దిగి దూరంగా వెళ్ళిపోతుంది. అప్పుడే కామయ్య తువ్వాలు ఊపుతాడు, అప్పుడే నన్ను దించుతారు. ఎన్నేళ్ళుగానో ఆ లెక్క తప్పలేదు.

ఆ ఉదయం మొదటి గుటకకి పడవ ఊగింది. రెండోదానికి మా మీద జల్లు పడింది. మూడోది మాత్రం బిందెలో చెంబు ముంచినట్టు బుడుంగుమంది.

"మూడోది సిన్నగుందేటి మావా?" అన్నాడు దండాసి.

"పొట్ట నిండిపోనాది. మా ఇంట్లో మూడోసారి వడ్డనకి నువ్వెలగుంటావు? అలాగే."

పడవంతా నవ్వింది. నీళ్ళు సద్దుమణిగాయి, పెద్దాయన దిగిపోయిందనుకుని తువ్వాలు ఊగింది. నేను నీళ్ళలోకి దిగాను.

దిగీ దిగగానే నా కళ్ళన్నీ ఒకేసారి బెదిరాయి. మూడో గుటక పెద్దదానిది కాదు. దాని వెనకాల ఒక పిల్ల ఉంది. పాలు మానే వయసు, తిండి నేర్చుకుంటోంది. తల్లి ఎలా ఒరిగితే అలా ఒరిగి, తల్లి మూశాక తను తెరిచి, నాలుగు కవళ్ళూ నోటినిండా నీళ్ళూ మింగింది. కామయ్య దాన్ని లెక్కలో వేసేశాడు. తల్లికి ఇంకో గుటక మిగిలే ఉంది. తల్లి నాకు అవతల ఉంది. పిల్ల నా లోపల ఉంది. పైన తాడు లాగుతున్నారు.

నా మూతి బిగుసుకుంటోంది. వద్దని చెప్పడానికి నాకున్నది ఆ మూతొక్కటే, అదీ వాళ్ళ చేతిలో ఉంది. పిల్ల వచ్చి నన్ను గుద్దింది. బెండ్లు పది ఒక్కసారిగా మునిగాయి.

కామయ్య లేచి నిలబడ్డాడు. "లాగకండి. గుంట పడింది లోపల. తల్లి బయటుంది. లెక్క నాదే తప్పు." మావాళ్ళు పిల్లని గుంట అంటారు.

"తాడు ఒగ్గీండి," అన్నాడు దండాసి. తాడు వదిలేశారు. అడుగు తెరుచుకుంది, కవళ్ళు వెండి బస్తా చిల్లిపడ్డట్టు జారిపోయాయి. పిల్ల జారలేదు. దానికి కావలసింది కిందనున్న దారి కాదు, పైనున్న గాలి. పైకి లేస్తూ మూతిని నా కళ్ళలో దూర్చేసింది. వెనక్కి లాక్కునే కొద్దీ నేను బిగుస్తున్నాను. ఒకసారి ఊపిరి వదిలింది. మళ్ళీ వదల్లేదు. అవతల తల్లి ఊదుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఊదుతోంది.

"కత్తి తీరా అల్లుడా."

దండాసి కత్తి తీశాడు గాని చెయ్యి కదపలేదు. "వానాకాలమంతా కూకుని ఏసిన ముళ్ళు మావా. దానికేటి సెప్పను నాను?"

"నా కూతురికి నాను సెప్తాను. ఈ గుంట తల్లికి నువ్వు సెప్తావేటి?"

దండాసి పై తాడు తెంపాడు. అక్కణ్ణుంచి కిందికి, చెయ్యి అందినంత మేర, తర్వాత నీళ్ళలోకి దిగి ఇంకొంత కోశాడు. కత్తి దిగుతుంటే హాయిగా ఉందంటే మీరు నమ్మరు. పిల్ల ఒక్క విసురుతో బయటపడింది. బుస్సుమని గాలి వదిలింది.

కాని నేను పూర్తిగా వదల్లేదు. నాలో ఒక ముక్క దాని దవడకి చుట్టుకుని వెళ్ళిపోయింది, లేగదూడ మూతికి కట్టిన చిక్కంలాగా. చిక్కం కాదు, చిక్కే.

ఒడ్డున గున్నమ్మ నన్ను పరిచి చూసింది. తండ్రి చెప్పిందంతా విన్నది. తెగిన ముళ్ళని పక్కకి తోసి అడిగింది.

"నోటికి సుట్టుకున్నాదంటన్నావు. మరది తింటాదేటి?"

ఆ రోజు నుంచి ఒడ్డుకొచ్చిన ప్రతి పడవనీ ఆమె అడిగేది ఒకటే: "గుంట నోరు తెరిసిందా?" కొందరు కనబడలేదన్నారు. ఒకడు, "తెరిసింది, నిన్ను బువ్వడిగింది" అన్నాడు. వాడికి మూడు రోజులు గున్నమ్మ ఇంటి మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

నాలో పడ్డ కంతని ఆమె నైలానుతో పూడ్చలేదు. మెత్తటి నూలు దారంతో అల్లింది.

"నూలేటే, పెద్ద ఒళ్ళు తగిలితే సిరిగిపోద్ది," అన్నాడు దండాసి.

"అందుకే."

అతను పక్కన కూర్చుని దారం అందించాడు.

పన్నెండో రోజున నన్ను మళ్ళీ పడవెక్కించారు. పిట్టలు వాలుతున్న చోటికి వెళ్ళాం. అక్కడ తల్లి ఒరిగి, తెరిచి, మింగింది. వెనకే పిల్ల. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. దవడ మూలన ఆకుపచ్చగా నా ముక్క. పిల్ల ఒరిగింది. నోరు తెరుచుకుంది, సగమే. ఆ సగంలోకి కవళ్ళు కొన్ని పోయాయి, కొన్ని పక్కనుంచి తప్పించుకున్నాయి. మూసింది. మళ్ళీ ఒరిగింది. ఈసారి వేలెడు ఎక్కువ తెరిచిందని కామయ్య అన్నాడు. తేడా ఏమీ లేదని నా కళ్ళు చెబుతున్నాయి.

దూరంగా ఇంకో పడవ ఇంజను చప్పుడు వినిపిస్తోంది. మావాళ్ళలో ఒకడు నా అంచు పట్టుకుని దండాసి వైపు చూశాడు.

"ఉండు," అన్నాడు దండాసి. "తిననీ."

నేను పొడిగా, మడతలు పడి, పడవ అడుగున అలాగే ఉన్నాను. నీళ్ళలో సగం నోరు మరోసారి తెరుచుకుంటోంది.