ఉత్తరం గదిలో చలి

ఇంట్లో కూర్చుని మంకీ క్యాప్ పెట్టుకునే ఖర్మ నాకు అమెరికాలో పట్టింది. హన్మకొండలో సంక్రాంతి ముందు చలిలో పొద్దున్నే వాకింగ్‌కి పోయినా నేను క్యాప్ పెట్టిన పాపాన పోలేదు. ఇక్కడ కాఫీ తాగుతూ పెట్టుకుంటున్నాను.

ఈ ఇల్లు కట్టి వందేళ్లట. బెంటన్‌విల్‌లో ఇంకో ఇల్లే దొరకనట్టు మా అల్లుడు శ్రేయాస్ ఏరికోరి దీన్నే కొన్నాడు. సెప్టెంబర్‌లో మేము దిగిన రోజు "ఈ ఇంటికి ఒక క్యారెక్టర్ ఉంది మామయ్యా" అన్నాడు. క్యారెక్టర్ సంగతి నాకు తెలియదు. కిటికీలు మాత్రం మూసినా తెరిచినట్టే ఉండేవి. వీధి తలుపు కింద సందులోంచి నా వేళ్లు బయటికి పెట్టి చూపించాను. నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి ఏడీఈగా రిటైరైనవాణ్ని. కొండల్ రావు సారు సైటుకొస్తున్నాడంటే కాంట్రాక్టర్లు నిచ్చెనలు సర్దుకునేవాళ్లు. ఇతను ఫోన్‌లో వీడియోలు చూసి ఇల్లు బాగుచేస్తానంటాడు!

నా చలి సంగతి అటుంచండి. అసలు సంగతి నా భార్య మీనాక్షిది. ఆమెకు పదేళ్లుగా ఉబ్బసం. చల్లగాలి తగిలితే చాలు, ఛాతీలోంచి పిల్లికూతలు మొదలవుతాయి. ఆమె వచ్చింది మా రజిని కాన్పుకి. జనవరి రెండో వారంలో డేట్ ఇచ్చారు. పోయినసారి మా బిడ్డకు ఐదో నెలలో గర్భం పోయింది. అప్పుడు మేము ఫోన్‌లో ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాం. ఈసారి "నువ్వు పక్కన ఉంటే చాలమ్మా, ఇంకేం వద్దు" అని రజిని ఒకటే పాట. మీనాక్షి కూడా అంతే, ఊపిరాడకపోయినా సరే మనవడో మనవరాలో చేతిలో పడేదాకా కదలనని భీష్మించుకుంది.

ఒప్పుకుంటాను, నాకు మాత్రం ఇక్కడ కాళ్లూ చేతులూ కట్టేసినట్టుంది. కారు లేనిదే పాల ప్యాకెట్ రాదు. పలకరిద్దామంటే రోడ్డు మీద మనిషి కనపడడు. అందుకే దిగిన రెండో వారం నుంచే తిరుగు ప్రయాణానికి సర్దడం మొదలుపెట్టాను. బాదం పప్పులు, చాక్లెట్లు, విటమిన్ సీసాలు, మా తమ్ముడు రాజారావు అడిగిన సెంటు సీసాలు. ప్రతి ఆదివారం చేతి కాటాకు తగిలించి రెండు సూట్‌కేసులూ తూచేవాణ్ని. ఒక్కోదానికి ఇరవై మూడు కిలోలు దాటకూడదు కదా. మార్చి టికెట్‌కి సెప్టెంబర్‌లో సర్దుడేందని మీనాక్షి నవ్వేది. గదిలో కాళ్లకు అడ్డం పడుతున్నాయని ఆమె సణిగితే, నవంబర్ మొదట్లో వాటిని అటక మీదికి ఎక్కించేశాను.

మేడ మీద ఉన్నవి రెండే పడకగదులు. ఒకటి వాళ్లది, ఉత్తరం వైపుది మాది. కింద హాల్లో చెక్కలన్నీ పీకి పెట్టాడు మహానుభావుడు, అక్కడ పడుకునే వీల్లేదు. తన గదిలో పడుకోమని రజిని బతిమాలితే, నా దగ్గుతో కడుపుతో ఉన్న పిల్ల నిద్ర చెడగొడతానా అని మీనాక్షి ఒప్పుకోలేదు. పోనీ గదిలో రూమ్ హీటర్ పెడదామంటే నేనే వద్దన్నాను. ఆ గోడల్లో వైర్లు ఇంటితో పాటు పుట్టినవి, హీటర్ పెట్టామంటే చలి కాదు, ఇల్లే పోతుంది.

అక్టోబర్ అంతా శ్రేయాస్ పని చేస్తూనే ఉన్నాడు. కిటికీల చుట్టూ సందుల్లో గట్టిపడే నురగ కొట్టాడు, తలుపులకు రబ్బరు పట్టీలు వేశాడు. అద్దెకు ఒక మిషన్ తెచ్చి, వేడి బయటికి పోకుండా అటక నిండా ఇన్సులేషన్ చల్లాడు. పాత న్యూస్‌పేపర్లు తురిమి చేసిన బూడిదరంగు పీచు అది. కింద నేను మిషన్‌లో పీచు పోస్తుంటే పైన అతను గొట్టం పట్టుకుని చల్లాడు. రెండు రోజులు నా ముక్కులోంచి బూడిదే వచ్చింది. ఇక చలి అనే మాటే ఉండదన్నాడు.

నవంబర్ మధ్యలో అసలు చలి వచ్చింది. మిగతా ఇల్లంతా అరవై ఎనిమిది డిగ్రీలు. మా గది యాభై ఏడు. ఇక్కడి లెక్క అది, మన లెక్కలో పద్నాలుగు. మీనాక్షి రెండు స్వెటర్లు, వాటి మీద నా జర్కిన్ వేసుకుని మంచం మీద ముడుచుకుని కూర్చునేది. ఊరి నుంచి తెచ్చుకున్న మెరూన్ శాలువా కనపడటం లేదని రోజూ బీరువా అంతా తిరగేసేది.

"ఎయిర్‌పోర్ట్‌లనే ఎక్కడో వదిలేసి ఉంటవ్. నీ మతిమరుపు నాకు కొత్తా?" అని కసిరేవాణ్ని.

"ఫ్లైట్ల కప్పుకున్ననండీ. నాకు మంచిగ యాదికున్నది."

"యాదికుంటే దొరకాలె కదా?"

ఆమె బీరువా తలుపు మూసేది. దగ్గేది.

ఆ దగ్గు వింటుంటే నా తల పగిలిపోయేది. కోపం ఎవరి మీద చూపించాలి? అల్లుడు దొరికాడు. "గోడ తెరువు శ్రేయాస్. ఉత్తరం గోడల ఏమీ లేదు, బోలు. నేను తట్టి చూసిన" అన్నాను.

"మామయ్యా, ముందు టెస్ట్ చేయిద్దామండీ. అనిక అని ఒకమ్మాయి ఉంది, ఎనర్జీ ఆడిట్ చేస్తుంది. మన తెలుగువాళ్లే. గాలి ఎక్కడి నుంచి వస్తోందో కెమెరాలో చూపిస్తుంది. పది రోజుల్లో స్లాట్ ఇచ్చింది."

"పది రోజులు మీ అత్తయ్య ఆగుతదా? నా కండ్లు లేవా? కెమెరా ఎందుకు?"

నా పోరు పడలేక శనివారం పూట గోడ తెరిచాడు. దుమ్ము రజినికి మంచిది కాదని ఆమెను రెండు రోజులు స్నేహితురాలు విజయశ్రీ ఇంటికి పంపాం. మీనాక్షిని కూడా వెళ్లమంటే, మీకు వంట ఎవరు చేస్తారని ఆగిపోయింది. వంద ఏళ్ల సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. తీరా చూస్తే గోడ నిండా ఇన్సులేషన్ ఉంది! ఇంతకు ముందున్న వాళ్లెవరో శుభ్రంగా కూరి పెట్టారు. శ్రేయాస్ నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఏదో ఒకటి అని ఉంటే తిరిగి నాలుగు అనేవాణ్ని.

సాయంత్రానికి దుమ్ము మీనాక్షి గొంతులోకి పోయింది. పెదాలు నల్లబడ్డాయి. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లి నెబులైజర్ పెట్టిస్తే రెండు గంటలకు మనిషైంది. అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది, ఆ గది వెచ్చబడకపోతే ఈమెను ఈ చలికాలం ఆ ఇంట్లో ఉంచొద్దని.

విజయశ్రీ ఇంటి నుంచి తిరిగొచ్చాక రజిని నన్ను వంటింట్లో నిలబెట్టింది. ఎనిమిదో నెల పొట్టతో, ఒక చేయి నడుం మీద వేసుకుని.

"నాన్నా, డిసెంబర్ పదిహేను దాకా చూస్తా. గది అరవై ఎనిమిదికి రాకపోతే టికెట్స్ ప్రీపోన్ చేసేస్తా. ఇద్దరూ వెళ్లిపోండి."

"మరి నీ డెలివరీ?"

"అమ్మ ఊపిరి పణంగా పెట్టి నాకు డెలివరీ వద్దు. నేను మేనేజ్ చేస్కుంటా." అంటూనే ఏడ్చేసింది. మేనేజ్ చేసే మొహమేనా అది?

ఛీ, ఇది ఒక ఇల్లేనా అనిపించింది. అల్లుడు ముచ్చటపడి కొన్న ఈ చెక్కల డబ్బా నా భార్య ప్రాణం మీదికి తెచ్చింది, నా బిడ్డను ఒంటరిదాన్ని చేస్తోంది. ఆ పది రోజులూ ఇంటిని తిట్టాను, కట్టినవాణ్ని తిట్టాను, కొన్నవాణ్ని అతనికి వినపడేలాగే తిట్టాను. పాపం, అతను ఆఫీస్ నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా గోడ మూసే పనిలో పడేవాడు. నేను వెనకే కుర్చీ వేసుకుని కూర్చుని, ఇట్లా కాదు అట్లా అనేవాణ్ని. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

డిసెంబర్ పదో తారీఖు పొద్దున అనిక వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వీధి తలుపు తెరిచి ఆ చోట ఎర్రగుడ్డ బిగించి, మధ్యలో పెద్ద ఫ్యాన్ పెట్టింది. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది, అప్పుడు ఎక్కడ సందుంటే అక్కడి నుంచి చలిగాలి లోపలికి వస్తుందట. కెమెరా తెరమీద వెచ్చని చోటు పసుపుగా, చల్లని చోటు నీలంగా కనిపిస్తుంది. మేమందరం ఆమె వెనకే పెళ్లివారిలా నడిచాం.

"విండోస్ చాలా బాగా చేశారు. ఎవరు చేశారు?" అంది అనిక.

"నేనేనండీ" అన్నాడు శ్రేయాస్. నేను గొంతు సవరించుకున్నాను.

తలుపులు బాగున్నాయి. ఉత్తరం గోడ కూడా బాగుందట, దాన్ని ఎందుకు కోశారని అడిగింది. నేను కిటికీ వైపు తిరిగాను. మా గదిలోకి వచ్చి కెమెరా పైకెత్తింది.

సీలింగ్ అంతా పసుపు. మంచానికి సరిగ్గా పైన మాత్రం ముదురు నీలం. పక్కపక్కన రెండు చతురస్రాలు, అంచులు గీత గీసినట్టు.

"వాట్ ఈజ్ దట్? అక్కడ ఇన్సులేషన్ లేదు. కోల్డ్ అంతా స్ట్రెయిట్ బెడ్ మీద పడుతుంది" అంది. తర్వాత అల్మారాలోకి తొంగిచూసింది. అటకకు దారి అక్కడే. "ఈ మూత కూడా క్రాస్‌గా ఉంది. రబ్బర్ స్ట్రిప్ చిరిగిపోయింది."

"నేను కొత్తది వేశానే!" అన్నాడు శ్రేయాస్ కంగారుగా. "ఉడతలేమో. ఈ వీధిలో అందరి అటకల్లోనూ ఉన్నాయి. పీచు లాగేసి గూళ్లు కడతాయట."

నేను తెరవైపే చూస్తున్నాను. ఆ రెండు నీలం మచ్చలు ఎంత పొడవో, ఎంత వెడల్పో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒకదాని పక్కన చిన్న మచ్చ కూడా ఉంది. చేతి కాటా పెట్టిన చోటు అది. పైకెక్కించిన రోజు, ఆ బూడిద పీచు సూట్‌కేసులకు అంటుకుంటుందని రెండు చేతులతో పక్కకు తోసి, చోటు శుభ్రంగా ఊడ్చి మరీ పెట్టాను. చక్రం మూతకు తట్టుకుంటే విసుగ్గా లాగాను, ఏదో చిరిగిన చప్పుడైంది. పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం ఎక్కి తూచి దిగేవాణ్ని, మూత సరిగా పడిందో లేదో ఎన్నడూ చూసింది లేదు.

ఉడతలంటున్నాడు అల్లుడు. నోరు మూసుకుంటే సరిపోయేది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం మూసుకున్నాను కూడా.

"స్క్విరల్స్ ఇంత నీట్‌గా చేయవు" అంది అనిక.

మీనాక్షి మంచం మీద కూర్చుని, తలెత్తి సీలింగ్ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నలభై ఏళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి. ఆమెకు కెమెరా అక్కర్లేదు.

"ఉడతలు కాదు" అన్నాను. "నేనే. అక్కడ మా సూట్‌కేసులున్నయ్. పీచు నేనే తీసిన. తప్పు నాది శ్రేయాస్. నీ పనిల తప్పు లేదు."

 రజిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. శ్రేయాస్ మాత్రం "పోనీలెండి మామయ్యా, తెలిసింది కదా" అన్నాడు. అతని స్థానంలో నేనుంటే ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచేవాణ్ని.

మీనాక్షి గొంతు పెంచలేదు. "నెల రోజుల సంది ఇంటిని తిట్టిన్రు. ఆ పిలగాన్ని తిట్టిన్రు. నా మతిమరుపును తిట్టిన్రు. మీరు పోవుడు కోసం సర్దుకున్న పెట్టెల కింద నన్ను పండబెట్టిన్రు" అంది.

 నిచ్చెన తెచ్చి నేనే ఎక్కాను. శ్రేయాస్ వస్తానంటే వద్దన్నాను. నేను తోసిన పీచు రెండు గుట్టలుగా అలాగే పడి ఉంది. సూట్‌కేసులు దించి, మోకాళ్ల మీద కూర్చుని ఆ పీచంతా చేతులతో మళ్లీ పరిచాను. కళ్లలో పడింది, దగ్గొచ్చింది. దగ్గితే దగ్గానులే అనుకున్నాను. మూతకు కొత్త పట్టీ శ్రేయాస్ వేశాడు.

పన్నెండో తారీఖు పొద్దున గదిలో అరవై ఎనిమిది. రజిని మూడుసార్లు వచ్చి చూసి వెళ్లింది. మూడోసారి తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ప్రీపోన్ మాట ఎవరూ ఎత్తలేదు.

మీనాక్షి జర్కిన్ విప్పి నా చేతికిచ్చింది. "ఆ పెట్టెలు ఇక్కడ్నే, నా ముందట్నే ఖాళీ చెయ్యిన్రి. మల్ల మార్చిల సర్దుకుందురు."

కింద కూర్చుని జిప్ తీశాను. బాదం పప్పులు, చాక్లెట్లు తీసి పక్కన పెట్టాను. అడుగున రాజారావు సెంటు సీసాలు పగలకుండా మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ గుడ్డ కుర్చీ మీద దొరికితే చుట్టేశాను, ఏ గుడ్డో చూసుకోలేదు. విప్పుతుంటే మెరూన్ రంగు కనిపించింది.

తలెత్తి మీనాక్షి వంక చూశాను. ఆమె అప్పటికే చూసేసింది.

సీసాలు పక్కన పెట్టి, శాలువా దులిపి, లేచి వెళ్లి ఆమె భుజాల మీద కప్పబోయాను. నా చేతిలోంచి తీసేసుకుంది.

"ఇప్పుడెందుకు నాకు? గది వెచ్చగనే ఉంది కదా." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సెంటు వాసనకు మొహం చిట్లించి, నాలుగు మడతలు వేసి రజిని పొట్ట పక్కన పెట్టింది. "ఉతికితే పసిగుడ్డుకు చుట్టనీకి పనికొస్తది. మీరు మాత్రం దీన్ని ముట్టకున్రి."