డ్రైవరు నిద్రపోయాడా?

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మన బస్సు డ్రైవరుకు అదంతా పాతమాట. డిపోవాళ్లు నిద్ర కొలిచే వాచీలు కట్టినప్పటినుంచీ, తను హాయిగా పడుకున్నాడో లేదో పొద్దున్నే ఫోనును అడిగి తెలుసుకోవలసి వస్తోంది.

ఆ ఉదయం ఒళ్లు తేలిగ్గా ఉంది. ఈల వేసుకుంటూ ఫోను చూశాడు. గాఢనిద్ర దాదాపు లేనట్టే అంది. ఈల ఆగిపోయింది.

"రాత్రంతా గురకపెట్టి నన్ను చంపారు. నిద్రపోలేదని ఎవరన్నారు?" అంది భార్య.

"వాచీ."

"అయితే ఆ గురక ఎవరిదట?"

నిజమే. పైగా మొన్న పాపకు జ్వరమొచ్చి తన చేతిమీదే పడుకుంటే, తెల్లవార్లూ కదలకుండా మేలుకునే ఉన్నాడు. ఆ రాత్రి బ్రహ్మాండంగా నిద్రపోయావని వాచీ మెచ్చుకుంది. ఆ మెప్పు నమ్మి బస్సు తీశాడు. మలుపులో రెప్ప వాలింది. చక్రం రోడ్డు అంచుకు రాసుకుంటే పైప్రాణాలు పైనే పోయాయి. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

నిద్ర పరీక్షలు చేసే ఆస్పత్రిలో పనిచేసే బావమరిదికి ఫోను చేశాడు.

"మేం తలకు తీగలు అంటించి మెదడును చూస్తాం బావా. అది మణికట్టు కదలికా, నాడీ చూసి ఊహిస్తుంది. పడుకున్నావా లేదా అన్నది చాలావరకు పట్టుకుంటుంది. కదలకుండా మేలుకుంటే మోసపోతుంది. గాఢనిద్ర ఎంత, తేలిక నిద్ర ఎంత అన్నది మరీ అంచనా."

"అంటే అబద్ధమా?"

"అబద్ధమనీ అనలేం."

"పోనీ నిజమా?"

"నిజమనీ అనలేం బావా."

అడిగినందుకు ఉన్న మతి కూడా పోయింది. డిపోకు చేరేసరికి ఆవలింత వచ్చింది. అది నిద్ర చాలక వచ్చిందో, ఫోను చూసినందుకు వచ్చిందో ఆ ఆవలింతకే తెలియాలి.

మేనేజరు కంప్యూటరులో వాచీ లెక్క చూసి, "మొత్తం నిద్ర సరిపోయిందిలే, బండి తియ్యి," అన్నాడు.

బస్సు నిండిపోయింది. ముందు సీటులో ఒకావిడ పసిబిడ్డను ఒళ్లో సర్దుకుని, డ్రైవరు వచ్చి కూర్చోగానే ధీమాగా కళ్లు మూసుకుంది. డ్రైవరు అద్దంలో ఆవిణ్ణి చూశాడు. తాళం చెవి తిప్పబోయి, దిగి మేనేజరు దగ్గరికి వచ్చాడు.

"ఇంకొకర్ని పంపండి సార్."

"ఏం, నిద్రొస్తోందా?"

డ్రైవరు చేతి వాచీకేసి చూసుకున్నాడు.

"వస్తోందా, రావట్లేదా? ఒక్క మాట చెప్పవయ్యా!"

డ్రైవరుకు ఏడుపొక్కటే తక్కువ. "ఇదివరకు నాకే తెలిసేది సార్," అన్నాడు. "ఇప్పుడు తెలియట్లేదు."