అరశ్రుతి అబద్ధం

నేను ఒక శ్రుతిపెట్టెను. పాట పాడలేను, రాగం పలకలేను. తిత్తిలో గాలి నింపి వదిలితే 'సా' అని, దాని పక్కన 'పా' అని అదే పనిగా మూలగడం ఒక్కటే నా విద్య. ఇంత చిన్న విద్యతో నలభై ఏళ్లు ఒక రాక్ బ్యాండులో కొలువు చేశానంటే మీరు నమ్మకపోవచ్చు. మొదట్లో నేనూ నమ్మలేదు.

నన్ను చేసింది రాజమండ్రిలో గురవాచారి అనే హార్మోనియం పనివాడు. టేకు చెక్క పెట్టె, అంచులకు మేకతోలు వేసిన తిత్తి, లోపల ఇత్తడి రేకులు. రేకు కొసన ఆకురాయి తగిలిస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఆయన గీసి, ఊది, విని, మళ్లీ గీసి ఒక్కో రేకు దగ్గర ఒక్కో పూట కూర్చున్నాడు. నా ముఖాన వరసగా చిన్న బిళ్లలు అమర్చాడు. ఏ బిళ్ల జరిపితే ఆ శ్రుతి పలుకుతుంది. అన్నిటికీ కింద చివరన ఒక బిళ్ల, ఆపైన ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, అలా అరమెట్టు చొప్పున పైకి. పాడేవారి గొంతు ఎంత ఎత్తుకు పోగలదో చూసుకుని తెరుచుకోవాలి.

నన్ను కొన్నది గాజువాక వరహాలమ్మ గారు. శనివారం శనివారం వాళ్లింట్లో భజన. నన్ను ముట్టుకునే ముందు ఆవిడ కళ్లకద్దుకునేది. దేవుడి పేరు ఎవరెంత అపస్వరంగా పాడినా నేను మాత్రం కదలకుండా ఉండాలని అక్కడే నేర్చుకున్నాను.

ఆవిడ మేనల్లుడు పైడిరాజు. టైర్ల షెడ్డులో పని. స్నేహితులతో కలిసి 'ఉప్పుగాలి' అని బ్యాండు పెట్టాడు. తను పాడతాడు. జ్ఞానాపురం చర్చిలో గిటారు నేర్చిన ఎలీషా గిటారు, సన్యాసి బేసు, గౌరునాయుడు డ్రమ్ములు. మాటలు సముద్రం గురించే అయినా పాటలు మాత్రం ఎక్కడో విన్న క్యాసెట్లలా ఉండేవి. ఒక శనివారం పైడిరాజు అరుగు మీద కూర్చుని నా మూలుగు విన్నాడు.

"అత్తా, ఒక్క ఆదివారం ఈ పెట్టి ఇయ్యి."

"దేవుడి వస్తువురా అది. మీ డబ్బాల గోలలోకా?"

"నమ్మకం లేకపోతే నీ కూతుర్ని కాపలా పంపించు."

ఆవిడ నిజంగానే పంపింది. నూకరత్నానికి అప్పుడు పందొమ్మిదేళ్లు. టైర్ల గుట్ట మీద కూర్చుని, ముక్కు మూసుకుని, ఒక చేత్తో నా తిత్తి ఆడించింది. గిటారు తీగలు నాకు కలిపారు, బేసు కలిపారు. నా మూలుగు కింద పరుచుకోగానే పైడిరాజు గొంతు రెండున్నర శ్రుతిలో పైకి లేచింది. ఆ పూట పుట్టిన పాట 'లంగరెత్తు'. అందులో 'ఎత్తు' అన్నచోట గొంతు పైషడ్జం దాటి పోయేది. షెడ్డు బయట రిక్షాలు ఆగాయి.

ఆదివారం ఆదివారం నన్ను తెచ్చి తిరిగి ఇస్తూ వచ్చినవాడు, రెండేళ్ల తర్వాత నాతోపాటు రత్నాన్ని కూడా అడిగి తెచ్చుకున్నాడు. అలా ఇద్దరం ఒకే ఇంటికి వచ్చాం.

మొదటి క్యాసెట్టులో ముఖలింగం గారని సింహాచలం దిగువన ఉండే విద్వాంసుడు సన్నాయి ఊదారు. ఆ పాట ఊరంతా పాకింది. తర్వాత ఎలీషా కాలితో నొక్కే పెడలు ఒకటి కొని గిటారును గరగరలాడించాడు. ఆ గరగరలో నేను వినపడేదాన్ని కాదు. అయినా నేను ఆగితే మాత్రం అందరూ ఆగి వెనక్కి చూసేవారు. ఆ తర్వాత కీబోర్డు వచ్చింది, నేను మూడేళ్లు బీరువా ఎక్కాను. కీబోర్డు అబ్బాయికి సినిమా వాళ్ల దగ్గర పని దొరికి వెళ్లిపోయాక గౌరునాయుడు అన్నాడు:

"మనం మళ్లీ ఎవరి పాటో పాడుతున్నట్టుంది, బావా. ఆ పెట్టి దించండి."

నన్ను దించారు. మనుషులు నాలుగు కొత్త వస్తువులు చూసొస్తే గాని పాతదాని విలువ కట్టలేరు. నాకు కోపం లేదు. బీరువా మీద కూడా గాలి బాగానే ఉండేది.

పైడిరాజుకు నలభై తొమ్మిదో ఏడు వచ్చేసరికి 'ఎత్తు' దగ్గర గొంతు చీలడం మొదలైంది. పాడిన మర్నాడు మాట పెగిలేది కాదు. స్వరతంత్రుల మీద బొడిపెలు వచ్చాయన్నాడు డాక్టరు. శ్రుతి దించి పాడండి, లేకపోతే గొంతే పోతుంది అన్నాడు.

"దించను," అన్నాడు పైడిరాజు. "రెండున్నర దిగితే పైడిరాజు అయిపోనాడంటారు. దానికంటే మానేస్తాను."

మానేస్తే ఆ ఇంట్లో ఏం మిగులుతుందో రత్నానికి తెలుసు. పాడని ఆదివారాల్లో ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఎవరైనా పలకరించినా పలికేవాడు కాదు. పాడితే గొంతు పోతుంది, మానితే మనిషే పోయేట్టున్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన ఇంకా రాకముందే ఆమె నా ముందు కూర్చుంది. రెండున్నర బిళ్ల మూసి పక్కన ఉన్న రెండు తెరిచింది. ఎలీషా తీగ మీటి తలెత్తాడు.

"అక్కా, అరశ్రుతి తగ్గింది."

"నీకు వినపడింది గదా. నోరు మూసుకుని తీగలు వదులు చెయ్యి."

వదులు చేశాడు. సన్యాసి చేశాడు. గౌరునాయుడు డ్రమ్ముల తోలు కూడా కాస్త దించాడు. వారమంతా కషాయం తాగి వచ్చిన పైడిరాజు నా 'సా' చెవిన వేసుకుని పాడాడు. పాడేవాడు మెట్లు లెక్కపెట్టుకోవడం కింది నుంచే. నేలే దిగితే మేడ దిగిందని ఎలా తెలుస్తుంది? 'ఎత్తు' పగలకుండా లేచింది.

"సూశారా! కషాయం పని చేసింది. గొంతు బాగయిపోనాది!"

ముగ్గురూ తలలూపారు. రత్నం మాత్రం ఊపలేదు. మర్నాడు సింహాచలం కొండెక్కి అప్పన్న ముందు నిలబడిందట. "అరశ్రుతి అబద్ధం సామీ. నీ పెట్టితోనే ఆడించాను. తప్పయితే నాకు వెయ్యి, ఆయన గొంతుకు వద్దు," అని మొక్కుకుంది. ఇంటికొచ్చి నన్ను తుడుస్తూ తనే చెప్పుకుంది.

అది తప్పో కాదో నాకిప్పటికీ తేలలేదు. నిజం చెప్పడానికే పుట్టినదాన్ని నేను. నాలో ఏ రేకూ అబద్ధం పలకలేదు. రెండు తెరిస్తే రెండే పలికాను. అడిగినవాళ్లు లేరు, అంతే. దేవుడు కూడా మనల్ని చాలా సంగతుల్లో అలాగే నడిపిస్తాడేమో, మనం మన కషాయాన్ని మెచ్చుకుంటూ ఉంటామేమో.

ఐదేళ్లకు ఒకటిన్నర. మరో ఐదేళ్లకు ఒకటి. పాత పాట వింటే కొత్తది రాదని పైడిరాజు తన క్యాసెట్లు తను వినేవాడు కాదు, అందుకే సాగింది. తీగలు వదులవుతున్నకొద్దీ ఎలీషా లావు తీగలు వేశాడు. బేసు గుమ్మటంలో ఉరిమినట్టుండేది. ఒక పత్రికలో రాశారు, 'ఉప్పుగాలి నాదం లోతుకు దిగింది, వయసుతో వచ్చిన తాత్వికత అది' అని. అది చదివి సన్యాసికి టీ పొలమారింది. కుర్ర బ్యాండులవాళ్లు కూడా తీగలు వదులు చేసుకుని తాత్వికంగా వాయించడం మొదలుపెట్టారని విన్నాను. ఒక ఇల్లాలి భయం ఇన్ని వేదికల మీద మోగుతుందని ఆమె అనుకోలేదు.

బ్యాండుకు నలభయ్యో ఏడాది బీచ్ రోడ్డులో కచేరీ పెట్టారు. మొదటి క్యాసెట్టులో ఊదిన ముఖలింగం గారినే మళ్లీ పిలుద్దామని పైడిరాజు ముచ్చటపడ్డాడు. ఆ మాటకు రత్నం ఆడిస్తున్న తిత్తి లయ తప్పింది. గిటారు తీగ దిగుతుంది, గొంతు దిగుతుంది, సన్నాయి దిగదు. దాని కొయ్యకు ఏ శ్రుతి తొలిచారో చచ్చేదాకా అదే.

రిహార్సలుకు ముఖలింగం గారు వచ్చారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. సన్నాయి పీక తడిపి, నా మూలుగు విని, ఒక స్వరం ఊది ఆపారు.

"ఏటమ్మా ఇది? మీ పెట్టి ఒకటిలో ఉంది. నా సన్నాయి రెండున్నర గదా. పాట రెండున్నరదే గదా?"

పైడిరాజు వచ్చి నా ముందు వంగి, తెరిచి ఉన్న బిళ్ల చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"పదమూడేళ్లు బావా," అంది రత్నం.

"పదమూడేళ్లూ గొంతు నాదేననుకున్నాను. మీరు జాలిపడి పడేసిన ముక్క అన్నమాట."

"జాలేటి?" ఎలీషా గిటారు కింద పెట్టేశాడు. "నువ్వు మానేస్తే మేం ఎవరికి వాయించాల? మా కోసం దించుకున్నాం. నీ కోసమనుకోకు."

పైడిరాజు నా బిళ్ల మూసి, రెండున్నర తెరిచాడు. "తిత్తి ఆడించు," అన్నాడు. రత్నం కదలలేదు. ఆయనే ఒక చేత్తో ఆడిస్తూ పాడాడు. 'ఎత్తు' దాకా వెళ్లాడు. అక్కడ గొంతు చిరిగింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. రత్నం చెంబుతో నీళ్లిచ్చింది. తాగాడు. బయటికి వెళ్లి స్కూటరు మీద కూర్చున్నాడు గాని స్టార్టు చేయలేదు.

ముఖలింగం గారు వెళ్లి పక్కన నిలబడ్డారు. "నాకు పళ్లూడి రెండేళ్లయింది రాజూ. కట్టుడు పళ్లతో ఊదుతున్నాను. సన్నాయికి తెలీదు, వినేవాడికి అక్కర్లేదు. నీ ఇల్లాలు నీ చేత పదమూడేళ్లు పాడించింది. నాకైతే అలాంటి మనిషి లేదు."

పైడిరాజు స్కూటరు దిగాడు. లోపలికొచ్చి రత్నం పక్కన టైరు మీద కూర్చున్నాడు. "రోజూ భయపడ్డావా?" అని మాత్రం అడిగాడు. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

కచేరీ సాయంత్రం మొదట నన్ను రెండున్నరలో పలికించారు. ముఖలింగం గారు ఒక్కరే 'లంగరెత్తు' మొత్తం ఊదారు. జనం లేచి నిలబడ్డారు. అది అయ్యాక పైడిరాజు మైకు ముందుకొచ్చాడు.

"ఇది నా ఇరవై రెండేళ్ల గొంతు. ఆయన సన్నాయిలో దాచిపెట్టాడు. ఇప్పటి గొంతు వేరే ఉంది. దాన్ని మా ఆవిడ దాచింది."

నా దగ్గరకొచ్చి, అందరూ చూస్తుండగా, రెండున్నర మూసి ఒకటి తెరిచాడు. పాడాడు. పైకి లేవాల్సినచోట అంత పైకి లేవలేదు. ఆ పాటలో అన్నాళ్లూ నాకు వినపడని మాటలు వినపడ్డాయి.

మొన్నటి ఆదివారం షెడ్డుకు జలుబుతో వచ్చాడు. నా ముందు కూర్చుంటూ, "రత్నం, ఇయ్యాల ఇంకో అర దించు," అన్నాడు.

"ఇంకా దించితే ఈ తీగల మీద బట్టలారేసుకోవాల," అన్నాడు ఎలీషా.

"ఆరేసుకో. నీ చొక్కా ఎలాగూ కంపు కొడతంది."

రత్నం నవ్వుతూ ఒకటికి కిందున్న చిట్టచివరి బిళ్ల జరిపింది. గురవాచారి నన్ను చేసిన నాటి నుంచి దాన్ని తెరిచినవాళ్లు లేరు. లోపలి నుంచి దుమ్ము లేచింది. ఆ వెనకాలే, అంత లోతు స్వరం నాలో ఉందని నాకే గుర్తులేని రేకు ఒకటి ఇన్నేళ్లకు ఊపిరి తీసుకుంది.