దయ్యం ఎవరో చెప్పిన కౌసల్య

సినిమాలో చీకటిగదిలోకి దీపం పట్టుకొని ఎవరైనా వెళ్తే చాలు, కౌసల్యకు పండగ. సంగారెడ్డి డేరా టాకీసులో మొగుడు మల్లయ్య చేయి గిల్లుతూ వణికేది, వణికినందుకు తనే కిసుక్కున నవ్వేది.

"సినిమా నీకు, గాట్లు నాకు" అనేవాడు మల్లయ్య.

కొత్త కాపురం. కాలేజీలో ఉండగానే ఆమె రాసిన అపరాధ పరిశోధన నవల ఒకటి అచ్చయింది. పటాన్‌చెరు కాపురానికొచ్చాక దయ్యాల నవల మొదలుపెట్టింది. పొద్దున రాసింది మధ్యాహ్నం వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు చదివేది. వాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని ఒకరికొకరు ఆనుకుంటుంటే, ఆమెకు జిలేబీ తిన్నట్టుండేది.

ఆ నవలలో పసిపిల్లల్ని ఎత్తుకుపోయే మంత్రసాని ఉంది. ఎడమకాలు ఈడుస్తుంది, మాటకు ముందు నాలుక టక్కుమనిపిస్తుంది. ఆ రెండూ ఊరి మంత్రసాని ఖాతూన్‌వి. బాగున్నాయని తీసుకుంది, అంతే.

ఓ రోజు, రోజూ ఆ కథ వినే పక్కింటి మొగులమ్మకు నొప్పులొచ్చాయి. తొలిచూలు. ఖాతూన్ గడప దాటగానే మొగులమ్మ కెవ్వుమంది.

"ఆమె వద్దు! నా పిల్లను ఎత్కపోతది!"

"నీ మొగన్ని పుట్టిచ్చింది గామెనేనే, పిచ్చిదానా!" అత్త నర్సింహమ్మ నెత్తి బాదుకుంది.

ఖాతూన్ గోడకానుకొని నిలబడిపోయింది. కౌసల్యను పిలుచుకొచ్చారు.

"మొగులమ్మా, అదంత నేను కల్పించిన. ఒట్టు!"

"కల్పిస్తే ఆ కాలు ఏడికెల్లొచ్చింది వదినా?"

మొగులమ్మ మంచంకోడు పట్టుకొని మెలి తిరుగుతోంది. ఖాతూన్‌ను దగ్గరకు రానివ్వకపోతే తల్లీబిడ్డా దక్కరు. నిజం పనికిరాలేదు. ఇక మిగిలింది కథే.

"నా మొదటి నవల చదివినవు గద. అందరు అనుమానపడ్డోడే దొంగనా?"

"కా... కాదు."

"గట్లనే ఇది గూడ. కాలీడ్చేటామె దయ్యం కాదు."

నొప్పిలోనే మొగులమ్మ కళ్ళు తెరిచింది. "మరెవరు?"

గదినిండా ఆడవాళ్ళు. అందరూ చెవులు రిక్కించారు. చాకలి అంటే చాకలిని, అవ్వ అంటే అవ్వను రేపటినుంచి ఏ ఇంటా రానివ్వరు.

"ఆ ఊరికి ఓ కొత్త కోడలొచ్చింది. సదువుకున్నది. మద్యాన్నం అందరిని కూసోబెట్టి కథలు చెప్పుకుంట, ఎవరింట్ల పిల్లలున్నరో కనిపెడతది."

పక్కనున్న ఆడవాళ్ళు కౌసల్యకు దూరంగా జరిగారు.

"నువ్వు బయటికి పో వదినా!" అరిచింది మొగులమ్మ. "ఖాతూనమ్మా, జల్దీ రా!"

కౌసల్య ఎండలో నిలబడింది. లోపలి మూలుగులు వింటుంటే, ఈసారి గిల్లడానికి చేయి లేదు, నవ్వు అసలే లేదు. చివరికి బిడ్డ ఏడుపు వినిపించింది. పట్టలేని సంతోషంతో గుమ్మంలోకి పరుగెత్తింది. నర్సింహమ్మ చటుక్కున బిడ్డమీద కొంగు కప్పింది.

"ఇప్పుడొద్దు బిడ్డా. ఏమనుకోకు."

ఖాతూన్ చేతులు కడుక్కొని వచ్చింది. నాలుక టక్కుమంది.

"ఆడపిల్ల. నెత్తినిండ ఎంటికలు. ముక్కు మాత్రం నానమ్మది, పాపం."

కౌసల్య కళ్ళొత్తుకుంది. "కండ్లో?"

"ఇంక తెరవలే."

"తెరిచినంక చెప్తవా ఖాతూనమ్మా?"

"చెప్త బేటీ" అంది ఖాతూన్. ఆ తర్వాత తలుపును మెల్లగా దగ్గరకు వేసింది.